ఒకే దర్వాజా, మూడు డబ్బాలు

మే నెల. కడపలో మధ్యాహ్నం పోయిన కరెంటు అసర్ తర్వాత వచ్చిందట. ఇక్కడ కర్నూల్లో నేను మగ్రిబ్‌కు వజూ చేసుకుంటుంటే ఫోను మోగింది. మా భాయ్‌జాన్. సలాం కూడా సగమే చెప్పి అందుకున్నాడు.

"ఏం చేసిపెట్టినావురా నువ్వు? షాపు కెమెరా తెరిస్తే ఇంట్లోది కనపడ్తాంది."

"ఇంట్లోదంటే ఏది భాయ్‌జాన్?"

"సహన్. అమ్మీ నవారు మంచం, నీళ్ల తొట్టి, అంతా."

దాని తర్వాత చెప్పిన మాటకు నా చెయ్యి కుళాయి దగ్గరే ఆగిపోయింది. ఆ ఫోను అప్పుడున్నది భాయ్‌జాన్ చేతిలో కాదు. షాపు కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉండే ఫోను అది. పనిచేసే పిల్లోడు కరెంటు రాగానే కెమెరాలు నడుస్తున్నాయో లేదో చూద్దామని తెరిచాడు. బట్టల ర్యాకుల బదులు మా ఇంటి సహన్ వచ్చింది. వాడు ఫోన్ని కౌంటర్ మీద బోర్లించి, బయట టీ తాగుతున్న భాయ్‌జాన్ దగ్గరికి పోయి చెప్పాడట. "భాయ్, షాపుది కాదు, మీ ఇంట్లోది వస్తాంది. నేను చూడలా. ఫోను బోర్లించినా."

ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లోడు. వాడికున్న హయా నేను చేసిన పనిలో లేదు. ఆ పని ఏంటో, ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేశానో వివరంగానే రాస్తాను. ఎందుకంటే ఇవాళ మన ఇళ్లలో చాలావాటిలో ఇదే ఏర్పాటు ఉంది, ఇదే తప్పు కూడా ఉండొచ్చు.

మా ఇల్లు కడప అల్మాస్‌పేట వైపు. అబ్బా కట్టించిన పాత ఇల్లు. ముందు రోడ్డు మీదికి భాయ్‌జాన్ బట్టల దుకాణం. వెనక మధ్యలో సహన్, చుట్టూ గదులు, అక్కడ అమ్మీ, భాయ్‌జాన్ కుటుంబం. మేడ మీద మా తమ్ముడి పోర్షన్. తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. మా మరదలు, ఇద్దరు ఆడపిల్లలు ఇక్కడ. కడప, రాయచోటి వైపు ఇలాంటి కుటుంబాలు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. మగవాడు గల్ఫ్‌లో, ఇల్లు ఫోన్లో.

కెమెరాలు ఒకేసారి రాలేదు. ముందు భాయ్‌జాన్ షాపుకు పెట్టించాడు. నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్. రెండేళ్లకు వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగితే అమ్మీ ఉండే ఇంటికి ఇంకో డీవీఆర్. తమ్ముడు పోయిన సెలవుకు వచ్చి మేడ మీద మూడోది బిగించి పోయాడు. ముగ్గురు వేర్వేరు మనుషులు, వేర్వేరు టైంలో కొన్న మూడు డబ్బాలు. కానీ ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే, రూటర్ ఒకటే. అది అమ్మీ గదిలో అల్మారా మీద ఉంటుంది, పైన కుట్టుపని గుడ్డ కప్పి.

"నీకు కంప్యూటర్ పని వస్తుంది కదా, మూడూ ఫోన్లో కనిపించేలా చెయ్యి" అన్నారు అందరూ. భాయ్‌జాన్ డబ్బా పాతది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పనిచేసే సదుపాయం దానికి లేదు. అందుకని మూడింటికీ ఒకే పద్ధతి పెడదామని పోర్ట్ ఫార్వర్డింగ్‌కు దిగాను.

తెలియనివాళ్ల కోసం సాదాగా చెప్తాను. మీ ఇంట్లో ఫోన్లు, టీవీ, డీవీఆర్ ఎన్ని ఉన్నా బయటి ప్రపంచానికి కనపడే అడ్రస్ సాధారణంగా ఒకటే, అది రూటర్‌ది. లోపల ప్రతి దానికీ రూటర్ ఒక సొంత అడ్రస్ ఇస్తుంది, 192.168తో మొదలయ్యేది. ఆ లోపలి అడ్రస్ ఇంటి గోడ దాటి బయట చెల్లదు. పాతరకం ఇంటర్నెట్ అడ్రస్‌లు మొత్తం లెక్కేస్తే సుమారు 429 కోట్లే. లోకమంతటికీ అవి చాలవు కాబట్టి ఒక్క అడ్రస్ వెనక ఇల్లంతా సర్దుకునే ఈ పద్ధతి 1990లలో వచ్చింది. మన పాత హవేలీల లాగానే. వీధిలోకి దర్వాజా ఒకటి, లోపల కమరాలు ఎన్నైనా. దర్వాజా దగ్గర కూర్చున్న దర్బాన్ రూటర్.

లోపలివాళ్లు బయటికి పోతే దర్బాన్ ఆపడు. వాళ్లు అడిగింది తిరిగొస్తే ఎవరిదో గుర్తుపెట్టుకుని వాళ్లకే అందిస్తాడు. కానీ బయటినుంచి ఒక మనిషి పిలవకుండా వస్తే దర్బాన్‌కు తెలియదు, ఏ కమరాకు పంపాలో. వెనక్కి పంపేస్తాడు. కువైట్ నుంచి తమ్ముడి ఫోను మా ఇంటి అడ్రస్‌కు వచ్చి తడితే జరిగేది అదే.

అందుకే దర్బాన్‌కు ఒక కాగితం రాసివ్వాలి. "ఫలానా నంబరు చెప్పి వచ్చినవాణ్ని ఫలానా కమరాకు పంపు" అని. ఆ నంబరే పోర్ట్. డీవీఆర్‌లు ఫ్యాక్టరీ నుంచే ఒక నంబరుతో వస్తాయి. కొన్నింట్లో 8000, కొన్నింట్లో 37777. మా మూడు డబ్బాలదీ 8000 నంబరే. చిక్కు ఇక్కడే. 8000 అని చెప్పి వచ్చినవాణ్ని దర్బాన్ ఒక్క కమరాకే పంపగలడు, ముగ్గురికి పంచలేడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక డీవీఆర్ వస్తుంది, రెండోది రాదు, "రెండోది ఖరాబైంది" అనుకుంటారు.

దీనికి మందు సులువే. బయటికి మూడు వేర్వేరు నంబర్లు పెట్టాలి. నేను షాపుకు 8001, అమ్మీ ఇంటికి 8002, మేడకు 8003 పెట్టాను. 8001 అంటే లోపల ఈ అడ్రస్ ఉన్న డబ్బాకు, దాని 8000కు పంపు; 8002 అంటే ఆ అడ్రస్‌కు; ఇలా మూడు వరసలు రూటర్‌లో రాశాను. బయటి అడ్రస్ రూటర్ ఆఫ్ అయినప్పుడల్లా మారిపోతుంది కాబట్టి దానికొక పేరు తగిలించే డీడీఎన్ఎస్ పెట్టాను. ఇంటి వైఫై మీదే ఉండి బయటి అడ్రస్ కొట్టి చూస్తే తెరుచుకోలేదు, అరగంట తల పట్టుకున్నాను. తర్వాత తట్టింది, లోపల కూర్చుని వీధి దర్వాజా తడితే కొన్ని రూటర్లు పలకవని. ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే మూడూ వచ్చాయి. మాషా అల్లాహ్ అనుకుని, అమ్మీ చేతి ఖట్టీ దాల్, అన్నం తిని, రాత్రి బస్సుకు కర్నూలు వచ్చేశాను.

రెండు పనులు వదిలేశాను. ఆ రెండూ నా తప్పులే.

ఒకటి, లోపలి అడ్రస్‌లు స్థిరంగా కట్టలేదు. రూటర్ వాటంతట అవే ఇచ్చినవి అలాగే ఉంచాను. కరెంటు ఉన్నన్నాళ్లూ ఎవరి కమరా వాళ్లదే. ఆ మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడు డబ్బాలన్నీ ఒకేసారి లేచాయి. ఏది ముందు అడిగితే దానికి ముందు అడ్రస్ ఇచ్చింది రూటర్. షాపు డబ్బా అడ్రస్ అమ్మీ ఇంటి డబ్బాకు పోయింది. దర్బాన్ చేతిలో కాగితం పాతదే, కమరాల్లో మనుషులు మారారు.

రెండోది, మూడు డీవీఆర్‌లకూ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్. "గుర్తుంటుందిలే" అని. అడ్రస్ మారినా పాస్‌వర్డ్ వేరైతే తలుపు తెరుచుకునేది కాదు. తాళంచెవి ఒకటే కాబట్టి తప్పు కమరా కూడా తెరుచుకుంది.

ఆ సాయంత్రం భాయ్‌జాన్‌తో, "ముందు రూటర్ స్విచ్ తీసెయ్. ఆదివారం నేనొస్తా" అన్నాను. నమాజులో నిలబడ్డాను గానీ మనసు నిలబడలేదు.

గంట కాకముందే కువైట్ నుంచి ఫోను. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక, అప్పుడే డ్యూటీ దిగాడు తమ్ముడు. "భాయ్, మేడ కెమెరా రావడం లేదు." సంగతి చెప్పాను. వాడు షాపు పిల్లోడి గురించి ఒక్క మాటా అనలేదు. "మేడది మాత్రం ఈ రాత్రికే తెప్పించు, భాయ్. అది లేకుంటే నాకు నీంద్ రాదు" అన్నాడు. ఆ తొందర నాకు వింతగా అనిపించింది. కారణం మా ఇంటావిడ చెప్పింది. మరదలు తనతో ఏదో ఈద్ రోజు ఏడ్చిందట. తను మేడ దిగితే ఫోను, పక్కింటామె వచ్చి వరండాలో కూర్చుంటే ఫోను. "నాలుగింటికి ఎక్కడికి పోయినావు? ఆమె ఎవరు? తలుపు ఎందుకు మూసినావు?" మంచినీళ్ల క్యాన్ తెచ్చే అతనితో డబ్బుల లెక్క మాట్లాడినా అడుగుతాడట.

నేను ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. ఆ కెమెరాను కువైట్ దాకా తీసుకెళ్లింది నేనే కదా. 8003 నా చేత్తో రాసిన నంబరే కదా.

ఆదివారం ఫజర్ చదివి బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఆ రోడ్డు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ, ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాను.

అమ్మీ సహన్‌లో లేదు. ఎండాకాలంలో పొద్దున్నా సాయంత్రం ఆమె ఉండేది అక్కడే. నవారు మంచం మీద కూర్చుని తస్బీ చదువుకునేది, జుట్టు ఆరబెట్టుకునేది, బియ్యం ఏరేది. ఇప్పుడు లోపల ఫ్యాన్ కింద కూర్చుని ఉంది. "ఇక్కడెందుకు అమ్మీ, ఉక్కపోస్తుంది కదా" అన్నాను. ఆమె కెమెరా వైపు చెయ్యి చూపించింది. సంగతి మొన్నటిది కాదు. కెమెరా పెట్టినప్పటినుంచే ఆమె సహన్‌లోకి రావడం తగ్గించేసిందట. వచ్చినా నెత్తిన కొంగు నిండా కప్పుకుని వచ్చేదట, సొంతింటి సహన్‌లో. మేమెవరం గమనించలేదు.

"ముందే చెప్పొచ్చు కదా అమ్మీ."

"కెమెరా చోరాంకు లగాయే నా బేటా? మై చోర్ హూఁ క్యా?" అంది.

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

చిన్నప్పుడు మక్తబ్‌లో మౌల్వీ సాబ్ మాకు అదబ్ నేర్పేటప్పుడు సూరె నూర్ గురించి చెప్పేవారు. ఒకరి ఇంటికి పోతే సలాం చేసి, ఇజాజత్ అడిగి, ఇస్తేనే లోపలికి పోవాలని, వెనక్కి వెళ్లమంటే మనసులో ఏమీ పెట్టుకోకుండా వెళ్లిపోవాలని. అదే సూరెలో ఇంట్లోని పిల్లలు, పనివాళ్లు కూడా మూడు వేళల్లో అడిగి రావాలని ఉంది. ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత. సూరె హుజురాత్‌లో గుమాన్, తజస్సుస్, గీబత్ మూడూ ఒకే ఆయత్‌లో వస్తాయి. అనుమానం, కూపీ లాగడం, చాటున మాట్లాడడం. ఒకదాని వెంట ఒకటి. మా మేడ మీద జరిగింది సరిగ్గా ఆ వరసలోనే.

బుఖారీలో, ముస్లింలో ఒక హదీస్ ఉంది. ఒకతను రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లోకి తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఆయన అప్పుడు దువ్వెన లాంటి దానితో తల గీరుకుంటున్నారు. ఆ సందర్భంలో ఆయన చెప్పిన దాని భావం, ఇజాజత్ అడగాలన్న నియమం పెట్టిందే చూపు కోసమని. నేను ఈ హదీస్ ఎన్నోసార్లు విన్నాను. కాలు లోపల పెట్టడం గురించే అనుకునేవాణ్ని. చూపు కూడా లోపలికి రావడమేనని, కాలు కువైట్‌లో ఉన్నా, షాపులో ఉన్నా, నజర్ గడప దాటితే మనిషి గడప దాటినట్టేనని ఆ రోజు సహన్‌లో నిలబడితే అర్థమైంది.

పని మొదలుపెట్టాను. ముందు అమ్మీ ఇంటి డబ్బా. సహన్ కెమెరా విప్పి వీధి దర్వాజా లోపలివైపు, మనిషి వస్తే ముఖం మాత్రం కనపడేలా తిప్పాను. స్క్రీన్ మీద చూపించి, "ఇప్పుడు నీ మంచం కనపడుతుందా అమ్మీ?" అని అడిగాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూసింది. మంచం అటూ ఇటూ జరిపించి మళ్లీ చూసింది. అప్పుడు "ఠీక్ హై" అంది. కెమెరా పెట్టిన రోజే ఆమెకు ఇలా చూపించి ఉండాల్సింది.

తర్వాత రూటర్. ప్రతి డీవీఆర్‌కూ మ్యాక్ అడ్రస్ అని పుట్టుమచ్చ లాంటి నంబరు ఉంటుంది, సాధారణంగా డబ్బా కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఆ నంబరుకు ఈ అడ్రస్సే ఇవ్వాలని రూటర్‌లో కట్టేశాను. షాపుకు 101, అమ్మీకి 102, మేడకు 103. లోపలి పోర్ట్‌లు కూడా మూడింటికీ వేరు చేశాను. ఇప్పుడు అడ్రస్ తారుమారైనా నంబరు కలవదు, తప్పు తలుపు తెరుచుకోదు. మూడు పాస్‌వర్డ్‌లు మూడు రకాలు. షాపు కౌంటర్ ఫోనుకు అడ్మిన్ యూజర్ తీసేసి, షాపు కెమెరాలు చూడడానికి మాత్రమే పనికొచ్చే చిన్న యూజర్ ఇచ్చాను. ఆ పిల్లోణ్ని పిలిచి ఎదురుగా చేశాను. వాడి భుజం తట్టి, "జీతా రెహ్" అన్నాను. వాడు సిగ్గుపడి పోయాడు.

మేడ మీది డబ్బా దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. అది తమ్ముడి సొమ్ము, తమ్ముడి ఇల్లు. కానీ ఆ ఇంట్లో రోజూ ఉండేది వాడు కాదు. కింద నుంచి పిల్లల చేత కబురు పంపాను, "బడే అబ్బా పైకి రావొచ్చా" అని. మరదలు దుపట్టా సర్దుకుని తలుపు దగ్గర నిలబడింది. ఏ కెమెరా ఉండాలి, ఏది వద్దు అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీ తమ్ముడు ఎట్ల చెప్తే అట్ల, భాయ్‌సాబ్" అంది. నేను మళ్లీ అడిగాను. అప్పుడు నేల చూస్తూ, "మెట్ల దగ్గరిది ఉండనీండి. పిల్లలు స్కూలుకు పోయేటప్పుడు దాని ముందు నిలబడి వాళ్ల అబ్బాకు చెయ్యి ఊపుతారు. వరండాది... " అని ఆపేసింది.

ఆ చెయ్యి ఊపే సంగతి నాకు తెలియదు. మనకు పొద్దున ఎనిమిదైతే కువైట్‌లో ఐదున్నర. వాడు క్యాంపులో లేచి ముందు ఆ కెమెరా తెరుస్తాడట. యూనిఫారం వేసుకున్న ఇద్దరు పిల్లలు పైకి చూసి చెయ్యి ఊపుతారు. రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషికి రోజూ దొరికే ములాఖాత్ అది. కోపంతో పైకెక్కిన నాకు వాడి మీద కోపం సగం పోయింది.

కిందికొచ్చి వాడికి ఫోను చేశాను. "మెట్ల కెమెరా ఉంటుంది. వరండాది తీసేస్తున్నా. పాస్‌వర్డ్ ఇంటామె దగ్గర ఉంటుంది. నీకు ఆమె ఇస్తుంది" అన్నాను.

"నేను కొన్న కెమెరాకు నేను అడగాల్నా?"

"చూసేది నీ కెమెరాను కాదు కదా, ఆమెను."

"నాకు షక్ లేదు భాయ్. దూరంగా ఉన్నానని డర్. అంతే." గొంతు తేడాగా వచ్చింది.

"డర్ ఉంటే ఆమెకు ఫోను చెయ్యి. బాగున్నావా అని అడుగు. ఎక్కడికి పోయినావు అని కాదు."

వాడు ఫోను పెట్టేశాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నను కాబట్టి ఆ పని చేశాను గానీ, నా అధికారం ఎంతవరకు అన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పదకొండో రోజు వాడే ఫోను చేసి, "పాస్‌వర్డ్ ఇచ్చింది" అని మాత్రం అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

కడప కథ అక్కడితో అయిపోలేదు. ఆ ఆదివారం రాత్రి డీవీఆర్ లాగ్ చూశాను, ఎవరెవరు ఎప్పుడు తెరిచారో అందులో ఉంటుంది. మా ముగ్గురివి కాని ప్రయత్నాలు వరసగా ఉన్నాయి. అర్ధరాత్రి, తెల్లవారుజామున, ఎక్కడివో తెలియని అడ్రస్‌ల నుంచి, తప్పు పాస్‌వర్డ్‌లతో. ఎవరో మా ఇంటి మీద పగబట్టి కాదు. ఇంటర్నెట్ మొత్తాన్ని తడుతూ పోయే ప్రోగ్రాములు ఉంటాయి, ఏ తలుపు తెరిచి ఉందో చూసుకుంటూ. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం ఇలాగే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుంది. ఆ అక్టోబరు 21న అలాంటివాటిని ఒకేసారి ఒక పెద్ద అమెరికన్ కంపెనీ మీదికి ఉసిగొలిపితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కూడా కొన్ని గంటలు చాలామందికి తెరుచుకోలేదు. ఎవరింట్లోనో గోడకున్న డబ్బా, దాని యజమానికి తెలియకుండానే ఇంకొకరి మీద రాళ్లేసింది.

అందుకని రెండో పర్యాయం వెళ్లినప్పుడు 8001, 8002, 8003 మూడు తలుపులూ మూసేశాను. వాటి బదులు వీపీఎన్ సదుపాయం ఉన్న రూటర్ ఒకటి కొని, కంపెనీవాళ్ల పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి దాని వెనక దీన్ని తగిలించాను. వైర్‌గార్డ్ అనే పద్ధతి. ఒక్క తలుపు, దానికి ఒక్కో ఫోనుకు ఒక్కో తాళంచెవి. తాళంచెవి లేనివాడు తడితే రూటర్ "లేను" అని కూడా అనదు, పలకదు. లోపలికి వచ్చాక ఎవరి కమరా తాళం వాళ్లదే. షాపు ఫోను పోయిందనుకోండి, ఆ ఒక్క తాళంచెవి కొట్టేస్తే చాలు, మిగతావాళ్లకు తేడా రాదు. ఇది మొదటి రోజే చేయాల్సింది. తెలియక చేయలేదు.

ఈ సంగతి తెలిసి కర్నూల్లో మా మొహల్లా మసీదు కమిటీవాళ్లు కబురు పంపారు. మసీదుకొక డీవీఆర్, ఆనుకుని ఉన్న మద్రసాకొకటి, రూటర్ ఒకటే. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలని, రికార్డు 30 రోజులు ఉంచాలని 2013లో ఆంధ్రప్రదేశ్‌లో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కెమెరాలు పెట్టారు, ఫోన్లలో చూడడం కుదరలేదు. పోయి చూస్తే డబ్బాలు రెండూ మేడ మీద గదిలో ఉన్నాయి. "కింద పెట్టొద్దన్నాను" అన్నారు ఒక బుజుర్గ్. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు కింద ఉన్నవన్నీ పోయాయి. పాతబస్తీలో ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ ముఖ్యమైనది ఏదీ కింద పెట్టరు.

అక్కడ చిక్కు వేరు. రూటర్ లోపల చూస్తే బయటి అడ్రస్ 100తో మొదలవుతోంది. ఫోన్లో వెబ్‌సైట్ తెరిచి చూస్తే ఇంకోటి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి కంపెనీలు తమలో తాము వాడుకునే అడ్రస్‌లు, 2012లో దీనికోసమే పక్కన పెట్టారు. అంటే మన రూటర్ ముందు కంపెనీవాళ్ల ఇంకో పెద్ద దర్వాజా ఉంది, దాని దర్బాన్ మన మాట వినడు. మన రూటర్‌లో ఎన్ని నంబర్లు రాసినా వృథా. మీకు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా రాకపోతే ముందు ఈ రెండు అడ్రస్‌లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవకపోతే కంపెనీని స్టాటిక్ ఐపీ అడగాలి, దానికి వేరే రుసుము ఉంటుంది. లేదా డీవీఆర్ తనంతట తనే బయటికి పోయి కంపెనీ సర్వర్‌ను కలుసుకునే పద్ధతి వాడాలి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేది. మసీదుకు అదే పెట్టాను. కానీ ఆ స్టిక్కర్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టబోతుంటే ఆపాను. అది ఇంటి నంబరు లాంటిది, దాని వెనక మిగిలే తాళం పాస్‌వర్డ్ ఒక్కటే.

"కమిటీలో తొమ్మిది మందిమి. అందరి ఫోన్లలో అన్నీ కనపడేలా చెయ్యి" అన్నారు సదర్ సాబ్. నేను కడప సంగతి మొత్తం చెప్పాను, షాపు పిల్లోడి మాటతో సహా. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. మద్రసా పిల్లలు పడుకునే గదిలో ఒక కెమెరా ఉంది. రంజాన్‌లో ఔరతులు తరావీకి వచ్చే వైపు ఇంకోటి. రెండూ అక్కడికక్కడే తీయించేశారు. దర్వాజాలు, చందా డబ్బా, చెప్పుల స్టాండ్ వైపు ఉన్నవి మిగిలాయి. చూసే హక్కు ఇద్దరికి ఇచ్చారు, వాళ్ల పేర్లు కాగితం మీద రాసి నోటీసు బోర్డు మీద అంటించారు. ఎవరు చూస్తున్నారో చూడబడేవాళ్లకు తెలియాలి కదా అన్నది ఆ బుజుర్గ్ మాటే. నాకది తట్టలేదు.

కెమెరాలు వద్దని నేను అనడం లేదు. మా షాపులో, మా దర్వాజా మీద ఇప్పటికీ ఉన్నాయి. హిఫాజత్ మన బాధ్యత. కానీ డీవీఆర్‌లో ఉండేది మన ఇంటివాళ్ల అమానత్. అది ఎవరి చేతికి పోతుందో తెలియకుండా తలుపు తెరిచిపెడితే ఖియానత్ చేసినట్టే. ఈ జుమా నమాజు తర్వాత ఒక అరగంట తీసుకోండి. డీవీఆర్ తెరిచి ఎవరెవరికి యూజర్లు ఉన్నాయో చూడండి. కెమెరా బిగించినతను పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంటే మార్చండి. తర్వాత స్క్రీన్ మీ అమ్మకు, మీ ఇంటామెకు, ఎదిగిన ఆడపిల్లలకు చూపించండి. వాళ్లు వద్దన్న కెమెరా ఉంటే స్టూలు తెచ్చుకుని ఆ పూటే తిప్పేయండి.

మొన్న కడప పోయినప్పుడు అసర్ వేళ అయింది. అమ్మీ సహన్‌లో ఉంది, జుట్టు విరబోసుకుని, బియ్యం చేటతో. నన్ను చూసి కొంగు సర్దుకోలేదు. "ఆయా క్యా బేటా, కూర్చో" అని మంచం మీద చోటిచ్చింది. మేడ మీద నుంచి మరదలు నవ్వు వినపడింది, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఎవరితోనో నేను అడగలేదు.